ల్యాబ్ సర్వరు గడియారం మూడు నెలల్లో పది నిమిషాలు వెనకబడింది: నెట్‌వర్క్ సమయంతో కలపడం ఎలా?

శ్రీలత_తెనాలి:

అందరికీ నమస్కారం. తెనాలిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్ల బాధ్యత నేను చూస్తున్నాను. డెబియన్ 12తో నడిచే ఒక సర్వరు, ఉబుంటుతో నడిచే నాలుగు కౌంటరు కంప్యూటర్లు ఉన్నాయి, రెండూ లైనక్స్ రకాలే. పోయిన సోమవారం ఒక పెద్దాయన తన రిపోర్టు పట్టుకొని వచ్చి, "అమ్మా, రక్తం తీసింది 9:42కి అని ఉంది, ఫలితం వచ్చింది 9:40కి అని ఉంది, ఇది నా రిపోర్టేనా?" అని అడిగారు. రిపోర్టు ఆయనదే. రక్తం తీసిన సమయాన్ని మొదటి కౌంటరు ముద్రిస్తుంది, ఫలితం ఖరారైన సమయాన్ని సర్వరు వేస్తుంది. మొదటి కౌంటరులో కూర్చునే అమ్మాయి తన ఫోను చూసి అప్పుడప్పుడు సమయం సరిచేసుకుంటోంది కాబట్టి అది బాగానే ఉంది. సర్వరు మాత్రం పది నిమిషాలకు పైగా వెనకబడింది. దాన్ని ఏర్పాటు చేసిన రోజున నేనే చేత్తో సమయం పెట్టాను, అప్పటినుంచి మూడు నెలలైంది.

రెండో కౌంటరు తీరు వేరు. కొన్ని రోజులు సరిగ్గా ఉంటుంది, కొన్ని రోజులు ఉదయం తెరవగానే ఐదున్నర గంటలు ముందుంటుంది. మదర్‌బోర్డు మీది బ్యాటరీ మార్చి చూశాను, ఫలితం లేదు. అన్నింటిలోనూ 'టైమ్‌డేట్‌సీటీఎల్' ఆదేశం ఇస్తే, నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ సర్వీసు యాక్టివ్ అనే చూపిస్తోంది. పనిచేస్తున్నప్పుడు సమయం ఎందుకు కలవడం లేదు? మాకు ఇది మాట పడే విషయం మాత్రమే కాదు. భోజనం చేసిన రెండు గంటలకు తీయవలసిన చక్కెర పరీక్షలో మొదటి సమయం ఒక యంత్రం, రెండో సమయం ఇంకో యంత్రం వేస్తే, ఆ రెండు గంటలు నిజంగా రెండు గంటలేనా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇమ్రాన్_హైదరాబాద్:

శ్రీలత గారూ, ఐదున్నర గంటలు అనగానే ఒక అనుమానం వస్తోంది. ఆ రెండో కౌంటరులో విండోస్ కూడా ఉందా?

శ్రీలత_తెనాలి:

ఉంది. బార్‌కోడ్ లేబుళ్ళు ముద్రించే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి వారానికి రెండు మూడు సార్లు అందులోకి వెళ్తారు.

మాధవి_సిస్టమ్స్:

అయితే రెండో కౌంటరు సంగతి తేలిపోయింది. కంప్యూటరులో రెండు గడియారాలుంటాయి. ఒకటి మదర్‌బోర్డు మీద, నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీతో, యంత్రం ఆపినా నడిచేది. దాన్ని ఆర్‌టీసీ అంటాం. రెండోది లైనక్స్ కేంద్రభాగమైన కెర్నెల్ తనలో తాను నడుపుకునేది. కెర్నెల్ లేచేటప్పుడు ఒక్కసారి ఆర్‌టీసీని చదువుకొని, ఆ తర్వాత ప్రాసెసరులోని లెక్కింపు ఆధారంగా సొంతంగా సెకన్లు లెక్కపెట్టుకుంటుంది. విండోస్ ఆ ఆర్‌టీసీలో మన స్థానిక సమయాన్ని, అంటే భారత ప్రామాణిక సమయాన్ని రాస్తుంది. లైనక్స్ అక్కడ ఉన్నది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం అనుకొని దానికి ఐదున్నర గంటలు కలుపుతుంది. విండోస్ ఉదయం 10:00 అని రాసి వెళ్తే లైనక్స్ 15:30 అని లేస్తుంది. ఇందులో బ్యాటరీ దోషం ఏమీ లేదు. నెట్‌వర్క్ సమయం అందుతూ ఉంటే లైనక్స్ ఈ తప్పును నిమిషంలోపే సరిదిద్దుకునేది. మీకు అది అందడం లేదు కాబట్టి తప్పు రోజంతా నిలిచిపోతోంది.

సరైన మందు ఏమిటంటే, విండోస్ రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్' అనే విలువను 1గా పెట్టి, అది కూడా ఆర్‌టీసీని యూటీసీగానే చూసేటట్టు చేయడం. లైనక్స్‌నే స్థానిక సమయానికి మార్చే వీలు ఉంది గాని, నేను దాన్ని ఎవరికీ సిఫారసు చేయను. టైమ్‌డేట్‌సీటీఎల్ కూడా అలా మారిస్తే హెచ్చరిక చూపిస్తుంది.

సుబ్బారావు_విశ్రాంత:

శ్రీలతమ్మా, సర్వరు గురించి చెబుతాను. టెలిఫోను ఎక్స్చేంజీల్లో ముప్పై ఏళ్ళు గడియారాలతో కాపురం చేసినవాణ్ణి. కంప్యూటరు గడియారాన్ని నడిపే ఏ స్ఫటికమూ తన మీద అచ్చువేసిన పౌనఃపున్యంలో ఖచ్చితంగా కంపించదు. పది లక్షల్లో ఒక వంతు తేడాను ఒక పీపీఎం అంటారు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఒక పీపీఎం తేడా ఉంటే రోజుకు 86.4 మిల్లీసెకన్లు తప్పుతుంది. మీరు చెప్పిన లెక్క రోజుకు దాదాపు ఏడు సెకన్లు, అంటే సుమారు 80 పీపీఎం. ఇది కాస్త ఎక్కువే అయినా సాధారణ కంప్యూటర్లలో కనిపించే తేడాయే, యంత్రం చెడిపోయిందని అర్థం కాదు.

ఒక ప్రశ్న. ఈ మూడు నెలల్లో సర్వరును ఎప్పుడైనా ఆపారా?

శ్రీలత_తెనాలి:

లేదు సార్. యూపీఎస్ ఉంది, ఒక్కసారి కూడా ఆగలేదు. చేత్తో సమయం పెట్టి నేటికి 91 రోజులు.

సుబ్బారావు_విశ్రాంత:

మంచిది. అయితే ఆ తేడా అంతా కెర్నెల్ గడియారానిదే, బ్యాటరీ గడియారానిది కాదు. ఈ ముక్క తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

రాఘవ_నెట్‌వర్క్:

సర్వీసు యాక్టివ్ అని ఉండడానికి, సమయం కలిసిందనడానికి సంబంధం లేదు. ఆ సర్వీసు బతికి ఉండి అడుగుతూనే ఉంటుంది, జవాబు రాకపోయినా. టైమ్‌డేట్‌సీటీఎల్ చూపే వరుసల్లో 'సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్' అన్నది ఏమని ఉంది? 'జర్నల్‌సీటీఎల్'తో ఆ సర్వీసు, అంటే సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ చిట్టా కూడా చూసి చెప్పండి.

శ్రీలత_తెనాలి:

సింక్రనైజ్డ్ దగ్గర 'నో' అని ఉంది. అది ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నా, కింద ఉన్న 'యాక్టివ్' అన్న మాట చూసి తృప్తిపడ్డాను. చిట్టాలో వరుసగా, జవాబు కోసం ఎదురుచూసి సమయం మించిపోయింది అన్న అర్థంలో వాక్యాలున్నాయి, ప్రతి వాక్యంలోనూ ఒక సర్వరు చిరునామా, దాని చివర 123 అనే అంకె ఉన్నాయి.

రాఘవ_నెట్‌వర్క్:

ఆ 123 ఎన్‌టీపీ వాడే యూడీపీ పోర్టు. చిరునామా దొరికిందంటే, పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేస్తోంది, వెళ్ళిన ప్యాకెట్టుకు మాత్రం జవాబు లేదు. మీ రౌటరులో బయటికి వెళ్ళే దారుల్లో వెబ్ పోర్టులను, డీఎన్‌ఎస్‌ను మాత్రమే తెరిచి మిగిలినవన్నీ మూసి ఉంటారు. చిన్న కార్యాలయాల్లో రౌటరు అమర్చేవారు తరచూ అలాగే చేసి వెళ్తారు. బయటికి వెళ్ళే యూడీపీ 123ను తెరిస్తే చాలు, బయటివారికి లోపలికి దారి ఇవ్వవలసిన అవసరం లేదు.

సుబ్బారావు_విశ్రాంత:

రాఘవ గారు చెప్పింది నిజం, కానీ అమ్మా, ఇప్పుడే తెరవకండి. తెరిచిన క్షణం టైమ్‌సింక్‌డీకి జవాబు వస్తుంది, గడియారం ఒక్క గెంతులో పది నిమిషాలు ముందుకు వెళ్తుంది. ఆ గెంతుతో పాటు, ఇంతకాలం ఎంత తప్పులో ఉన్నారన్న సాక్ష్యం కూడా పోతుంది. మూడు నెలల రిపోర్టులు ఆ తప్పు సమయంతో జనం చేతుల్లో ఉన్నాయి. ముందు ఆ తప్పును కొలిచి, తేదీ వేసి, పుస్తకంలో రాయండి. ఆ తర్వాతే సరిచేయండి. ఎక్స్చేంజీలో గడియారం సరిచేసే ప్రతిసారీ ముందు తేడాను లాగ్‌బుక్కులో ఎక్కించేవాళ్ళం. ఎక్కించకుండా సరిచేస్తే ఆ నెల బిల్లుల మీద వచ్చే ఏ ఫిర్యాదుకూ మా దగ్గర జవాబు ఉండేది కాదు.

మాధవి_సిస్టమ్స్:

సుబ్బారావు గారి మాట నూటికి నూరుపాళ్ళు సరైనది. పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది. పోర్టు ఇంకా మూసి ఉన్నప్పుడే సర్వరులో క్రోనీ అనే, ఎన్‌టీపీతో సమయం కలిపే ప్రోగ్రామును స్థాపించండి. డెబియన్‌లో అది రాగానే టైమ్‌సింక్‌డీ తొలగిపోతుంది, క్రోనీ తనంతట తాను మొదలవుతుంది. దారి మూసి ఉంది కాబట్టి అది గడియారాన్ని కదిలించలేదు. వెంటనే దాన్ని ఆపివేయండి. అప్పుడు రౌటరులో దారి తెరవండి. రాత్రి ల్యాబ్ మూసిన తర్వాత 'క్రోనీడీ'ని పెద్దక్షరం క్యూ ఐచ్ఛికంతో నడిపితే, అది గడియారాన్ని తాకకుండా, ఎన్ని సెకన్లు తప్పో కొలిచి చెప్పి ఆగిపోతుంది. చిన్నక్షరం క్యూ వేస్తే నిజంగానే సరిచేసేస్తుంది, కాబట్టి అక్షరం జాగ్రత్త. కొలత రాసుకున్నాక డేటాబేస్‌ను ఆపి, బ్యాకప్ తీసి, క్రోనీని మొదలుపెట్టి, సమయం కలిసిందని చూసి, అప్పుడు డేటాబేస్‌ను లేపండి.

సర్వరు ముందుకే గెంతుతుంది కాబట్టి పది నిమిషాల ఖాళీ తప్ప ప్రమాదం లేదు. వెనక్కి గెంతే యంత్రంతోనే అసలు భయం, ఎందుకంటే ఒకే నిమిషం రెండుసార్లు వచ్చి, తర్వాత చేరిన నమోదు ముందుదానికన్నా పాతదిగా కనిపిస్తుంది.

ఇమ్రాన్_హైదరాబాద్:

గెంతు లేకుండా మెల్లగా జరిపితే కుదరదా?

మాధవి_సిస్టమ్స్:

కుదురుతుంది, కానీ ఎంత మెల్లగా అన్నది చూడండి. ఇదే పని చేసే పాత ప్రోగ్రాము ఎన్‌టీపీడీ గడియారపు వేగాన్ని గరిష్ఠంగా 500 పీపీఎం మాత్రమే మారుస్తుంది, అంటే సెకనుకు అర మిల్లీసెకను. 630 సెకన్లను ఆ లెక్కన జరపడానికి పద్నాలుగు రోజులకు పైగా పడుతుంది. అందుకే అది 128 మిల్లీసెకన్లు దాటిన తేడాను మామూలుగా గెంతుతోనే సరిచేస్తుంది, 1000 సెకన్లు దాటితే అసలు ఏమీ చేయకుండా ఆగిపోతుంది. క్రోనీ మామూలు అమరికలో పన్నెండింట ఒక వంతు వరకు వేగం పెంచగలదు కాబట్టి అదే పని రెండు గంటల్లో ముగిస్తుంది. అయితే ఆ రెండు గంటలూ మీ సర్వరు సెకను నిజమైన సెకను కాదు. రాత్రి మూసి ఉండే ల్యాబ్‌కు ఒక్క గెంతే శుభ్రమైన పద్ధతి అని నా అభిప్రాయం.

శ్రీలత_తెనాలి:

పద్ధతి అర్థమైంది. ఒక సందేహం. బయటి సర్వరు నుంచి జవాబు రావడానికి కొంత సమయం పడుతుంది కదా. అది దారిలో ఉన్నంతసేపు సమయం పాతబడిపోదా?

సుబ్బారావు_విశ్రాంత:

ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చినవారు డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్. 1985లో ఈ ఎన్‌టీపీ ప్రోటోకాల్ మొదటి నిర్దేశాన్ని ఆయనే రాశారు. 2024 జనవరిలో కన్నుమూశారు. ఆయన పద్ధతిలో నాలుగు సమయాలుంటాయి. మీ కంప్యూటర్ తన గడియారం ప్రకారం 10 గంటల 0.000 సెకన్లకు ఉత్తరం వేసిందనుకోండి. అవతలి సర్వరు తన గడియారంలో 5.020 సెకన్లకు అందుకొని, 5.021కి జవాబు పంపింది. మీకు మీ గడియారంలో 0.041 సెకన్లకు చేరింది. మొత్తం 41 మిల్లీసెకన్లలో ఒకటి అవతలి సర్వరు చేతిలో గడిచింది, మిగిలిన 40 దారి ఖర్చు. వెళ్ళడానికి, రావడానికి చెరి సగం అనుకుంటే మీ గడియారం సరిగ్గా 5 సెకన్లు వెనకబడి ఉందని తేలుతుంది.

ఆ 'చెరి సగం' అన్నది ఊహ. వెళ్ళేటప్పుడు 30, వచ్చేటప్పుడు 10 పట్టి ఉంటే లెక్కలో 10 మిల్లీసెకన్లు తప్పుతుంది. ఎంత అన్యాయమైన దారి అయినా ఆ తప్పు దారి ఖర్చులో సగాన్ని, అంటే ఇక్కడ 20ని దాటదు. నాకు ఈ ప్రోటోకాల్ మీద గౌరవం కలగడానికి కారణం ఇదే: సమయంతో పాటు, ఆ సమయం ఎంతవరకు తప్పై ఉండవచ్చో కూడా అది చెబుతుంది.

రాఘవ_నెట్‌వర్క్:

ఇక ఎవరిని అడగాలన్నది. మన దేశంలో భారత ప్రామాణిక సమయాన్ని నిలిపేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడి పరమాణు గడియారాలే మూలం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 28 ఏప్రిల్ 2022న ఇచ్చిన ఆదేశాల్లో సర్వీసు ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల గడియారాలను ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఈ ప్రయోగశాల సర్వర్లతో గాని, వాటితో ముడిపడిన సర్వర్లతో గాని కలపాలని ఉంది. 180 రోజుల లాగులు భద్రపరచాలన్నది కూడా ఆ ఆదేశాల్లోదే. మీ ల్యాబ్ కంపెనీగా నమోదై ఉంటే ఇది మీ ఆడిటరుకు చెప్పవలసిన విషయం. సర్వర్ల పేర్లు సమయ్1, సమయ్2, రెండూ ఎన్‌ఐసీ డాట్ ఇన్ కిందివి. ప్రయోగశాలది టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ.

శ్రీలత_తెనాలి:

ఈ మూడూ రాసి, నాలుగోదిగా గూగుల్ సర్వరు పెడదామనుకుంటున్నాను. అది ఎప్పుడూ ఆగదని విన్నాను.

వేణు_డల్లాస్:

దయచేసి ఆ కలయిక వద్దు. 1972 నుంచి ఇప్పటివరకు 27 సార్లు, భూమి తిరిగే వేగంతో సరిపోవడానికి, యూటీసీకి లీపు సెకను అనే ఒక అదనపు సెకను కలిపారు, చివరిది 2016 డిసెంబరు 31న. గూగుల్ సర్వర్లు ఆ సెకనును ఒక్కసారిగా కలపకుండా, 24 గంటల మీద కొంచెం కొంచెంగా పూస్తాయి. ప్రయోగశాల సర్వర్లు అలా చేయవు. రెండు రకాలనూ కలిపి పెడితే ఆ రోజున అవి ఒకదానితో ఒకటి అర సెకను దాకా విభేదిస్తాయి, మీ యంత్రం ఎవరిని నమ్మాలో తెలియక తికమకపడుతుంది. 2035 నాటికి లీపు సెకన్ల పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022 నవంబరులో తూనికలు, కొలతల అంతర్జాతీయ సమావేశం తీర్మానించింది కాబట్టి మరొకటి రాకపోవచ్చు, అయినా అలవాటు సరిగ్గా ఉండాలి.

నేను 2012 జూన్ 30 సాయంత్రం ఇక్కడ విధుల్లో ఉన్నాను. యూటీసీ ప్రకారం అర్ధరాత్రి, మీకు తెల్లవారి ఐదున్నర. లీపు సెకను పడిన మరుక్షణం మా జావా సర్వర్లన్నీ ప్రాసెసరును నూరు శాతం తినడం మొదలుపెట్టాయి. లైనక్స్ కెర్నెల్‌లోని టైమరు లోపం వల్ల ప్రపంచమంతటా ఎన్నో సైట్లు ఆ గంటలో కుంగిపోయాయి. తేదీని మళ్ళీ అదే తేదీకి పెట్టే చిన్న ఆదేశంతో మా సర్వర్లు చల్లబడ్డాయి. ఒక్క సెకనే కదా అని అప్పటినుంచి నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇమ్రాన్_హైదరాబాద్:

నాలుగో సర్వరు తప్పకుండా ఉండాలా? ఒకటి చాలదా?

వేణు_డల్లాస్:

ఒకటే ఉంటే అది తప్పు చెప్పినా నమ్మవలసిందే. రెండుంటే విభేదం తెలుస్తుంది గాని ఎవరిది తప్పో తెలియదు. మూడుంటే ఒక అబద్ధపు సాక్షిని ఇద్దరు పట్టిస్తారు. నాలుగైతే ఒకటి ఆగిపోయినా ఆ ముగ్గురు మిగులుతారు. పేరున్న సంస్థలు తప్పు చెప్పవని అనుకోకండి. 2012 నవంబరు 19న అమెరికా నౌకాదళ వేధశాల వారి రెండు సర్వర్లు కొంతసేపు 2000వ సంవత్సరమని చెప్పాయి. వాటిని మాత్రమే నమ్ముకున్న కొన్ని వ్యవస్థలు పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాయి. మీకు నాలుగోదిగా, స్వచ్ఛందంగా నడిపే సమయ సర్వర్ల సమూహమైన ఎన్‌టీపీ పూల్‌లోని భారత విభాగం సరిపోతుంది.

మాధవి_సిస్టమ్స్:

కౌంటర్లన్నింటినీ బయటికి పంపకండి. సర్వరు ఒక్కటే బయటి నాలుగింటినీ అడగాలి, కౌంటర్లు సర్వరునే అడగాలి. క్రోనీ అమరికలో 'అలౌ' అన్న వరుసలో మీ లోపలి నెట్‌వర్క్ చిరునామా రాస్తే సర్వరు జవాబివ్వడం మొదలుపెడుతుంది. దాని కింద 'లోకల్ స్ట్రాటమ్ 10' అని రాస్తే, ఇంటర్నెట్ పోయిన రోజున కూడా ఐదు యంత్రాలూ ఒకే మాట మీద ఉంటాయి. మీ అవసరానికి అది ముఖ్యం, ఎందుకంటే రెండు సమయాల మధ్య వ్యవధి సరిగ్గా ఉండాలంటే ముందు గడియారాలన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవించాలి. 'ఆర్‌టీసీసింక్' వరుస తీసేయకండి. అది ఉంటే కెర్నెల్ సుమారు పదకొండు నిమిషాలకోసారి బ్యాటరీ గడియారాన్ని కూడా సరిచేస్తుంది.

శ్రీలత_తెనాలి:

నిన్న రాత్రి పని ముగించాను. కొలతలో, గడియారం 634.18 సెకన్లు తప్పు, కానీ పట్టించుకోలేదు అన్న అర్థంలో వాక్యం వచ్చింది. దాన్ని అచ్చుతీసి, తేదీ, సమయం, నా సంతకంతో లాగ్‌బుక్కులో అంటించాను. డాక్టరు గారు కూడా సంతకం చేశారు. 634.18ని 91తో భాగిస్తే రోజుకు 6.97 సెకన్లు, అంటే 80.7 పీపీఎం.

ఆ తర్వాత క్రోనీని మొదలుపెట్టాను. ఈ ఉదయానికి 'క్రోనీసీ ట్రాకింగ్'లో ఫ్రీక్వెన్సీ దగ్గర 80.9 పీపీఎం స్లో అని ఉంది. నేను కాగితం మీద వేసిన లెక్క, అది తనంతట తాను కనిపెట్టిన లెక్క ఇంత దగ్గరగా ఉండడం చూసి ఆశ్చర్యపోయాను. సోర్సెస్ జాబితాలో ఒకదాని పక్కన నక్షత్రం, రెండింటి పక్కన కూడిక గుర్తు, పూల్‌లోని ఒకదాని పక్కన తీసివేత గుర్తు ఉన్నాయి. రీచ్ అన్న చోట అన్నింటికీ 377 ఉంది. ఇది మంచిదేనా?

రాఘవ_నెట్‌వర్క్:

చాలా మంచిది. 377 అష్టాంశ సంఖ్య, చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందని అర్థం. నక్షత్రం ప్రస్తుతం అనుసరిస్తున్నది, కూడిక గుర్తు ఉన్నవి దానితో కలిపి లెక్కలోకి తీసుకున్నవి, తీసివేత గుర్తు ఉన్నది మంచిదే అయినా ఇప్పుడు అవసరం లేనిది. ఎప్పుడైనా ఎక్స్ అక్షరం కనిపిస్తే మాత్రం ఆ సర్వరు మిగిలినవారితో విభేదిస్తోందని తెలుసుకోండి.

సుబ్బారావు_విశ్రాంత:

సంతోషం అమ్మా. ఆ 80.9ని క్రోనీ తన డ్రిఫ్ట్ ఫైలులో రాసి పెట్టుకుంటుంది. రేపు ఇంటర్నెట్ రోజంతా పోయినా, మీ స్ఫటికం ఎంత మందకొడిదో తెలిసి ఉంది కాబట్టి ఆ మేరకు దిద్దుకుంటూ నడుస్తుంది, రోజుకు ఏడు సెకన్లు పోయే ప్రశ్నే లేదు. గది వేడెక్కితే ఆ అంకె కాస్త మారుతుంది, ఏసీ ఆగిన రోజున గమనించండి.

శ్రీలత_తెనాలి:

ఇంకొక్కటి అడుగుతాను. పాత రిపోర్టుల్లో సమయాలను లెక్కవేసి సరిదిద్దమని ఒకరు సలహా ఇచ్చారు. రోజుకు 6.97 చొప్పున తేలికగానే లెక్క వస్తుంది.

సుబ్బారావు_విశ్రాంత:

పాత నమోదులను తాకకండి. జనం చేతిలో ఉన్న కాగితం ఒక సమయం చెబుతూ, మీ సర్వరు ఇంకొకటి చెబితే మీరే దిద్దేశారని అనుకుంటారు. ఏ రోజున ఎంత తేడా ఉండేదో ఒక పట్టిక వేసి లాగ్‌బుక్కులోనే ఉంచండి. సర్వరు ఆగకుండా ఒకే గదిలో నడిచింది కాబట్టి తేడా దాదాపు ఒకే తీరున పెరిగింది, కొన్ని సెకన్ల తేడాతో ఆ పట్టిక నిలబడుతుంది. ఎవరైనా అడిగితే కొలత కాగితంతో సహా చూపించండి.

శ్రీలత_తెనాలి:

అలాగే చేస్తాను సార్. పెద్దాయనకు ఈ రోజు ఫోను చేసి, ఆయన రిపోర్టులో రక్తం తీసిన సమయం సరైనదని, ఫలితం సమయానికి పది నిమిషాల చిల్లర కలుపుకోవాలని చెప్పాను. ఆ మేరకు రాతపూర్వకంగా కూడా ఇస్తున్నాము. రెండో కౌంటరులో విండోస్ రిజిస్ట్రీ మార్చాను, మూడుసార్లు అటూ ఇటూ తిరిగి చూశాను, రెండింటిలోనూ సమయం సరిగ్గా ఉంది.

వేచి ఉండే గదిలో టోకెను సంఖ్య, సమయం చూపే తెర ఒకటి ఉంది. దాని వెనక రాస్ప్‌బెర్రీ పై 4 నడుస్తోంది. దానికి బ్యాటరీ గడియారమే లేదట. కరెంటు పోయి వస్తే చివరిసారి దాచుకున్న సమయం నుంచి మొదలవుతోంది. దాన్ని కూడా సర్వరుకే కలిపాను. ఈ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడు అందరితో పాటు తెర ముందు నిలబడి చూశాను: కొన్ని సెకన్ల పాటు పాత సమయం చూపించి, 2:17కి మారింది. నా చేతి గడియారంలోనూ 2:17.